ఏసీ ఫ్యాను హోరు

నాకు అనుమానం ఉగ్గుపాలతోనే వచ్చిందని మా ఆవిడ అంటుంది. నిజమే. పెట్రోలు బంకులో కారు దిగి మీటరు దగ్గర కాపలా కాయకపోతే నాకు మనసొప్పదు.

ఆ వేసవిలో ఆవిణ్ణి గుడివాడ నుంచి బందరు ఆసుపత్రికి తిప్పుతున్నాను. రొమ్ములో గడ్డ. డాక్టరుగారి గదిలోకి నన్ను రానిచ్చేది కాదు. బయటికొచ్చి, "ఏం లేదన్నారండీ, ఊరికే మళ్లీ రమ్మన్నారు," అనేది. ఏం లేకపోతే మళ్లీ ఎందుకు రమ్మంటారు?

దానికి తోడు కారులో ఏసీ ఫ్యాను. ఒకటిలో పెడితే అసలు తిరగదు, నాలుగులో పెడితే ఒకటే హోరు. మోటారు వేగం తగ్గించే ముక్క కాలిపోయిందని ఎలక్ట్రీషియను, ఆవిడ పక్కనే చూస్తుండగా, కొత్తది వేశాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే గోల. "పాత సరుకు అంటగట్టావు కదయ్యా!" అని అతని షెడ్డు ముందే కేకలేశాను.

అతను ఎడమ సీటు ముందు తల దూర్చి చూశాడు. "ముక్క బానే ఉందండీ. దాని ప్లగ్గు ఎవరో పీకేశారు. నొక్కి లాగితే గానీ ఇది ఊడదండీ," అని మళ్లీ పెట్టాడు.

ఇంకెవరు? ఆదివారం ఆదివారం కారు అడిగి పట్టుకెళ్లే మా బావమరిదే అనుకున్నాను. వాడి చెయ్యి ఊరుకోదు.

మా ఇంట్లో బండి కదిలే ముందు ప్రార్థన చెయ్యాల్సిందే. ఆవిడ పైకి చేస్తుంది, నేను ఆమేన్ అంటాను. ఈ హోరు మొదలయ్యాక పెదాలు కదలడమే తప్ప ఒక్క ముక్క వినపడేది కాదు. "కాసేపు ఆపనా?" అంటే, "వద్దండీ బాబూ, ఉక్క!" అనేది.

షెడ్డుకెళ్లొచ్చిన మర్నాడు మళ్లీ బందరు ప్రయాణం. మంచినీళ్ల సీసా మర్చిపోయి లోపలికెళ్లి వచ్చేసరికి ఆవిడ సీటులో ముందుకు వంగి ఉంది.

"ఏం పోయింది?"

"చెప్పు సర్దుకుంటున్నానండీ."

తాళం తిప్పాను. ఒకటిలో ఫ్యాను తిరగలేదు. నాలుగులో పెట్టాను. హోరు! ఒళ్లు మండిపోయింది. అటువైపు వెళ్లి, వంగి, వేలాడుతున్న ప్లగ్గు నొక్కి పెట్టాను. ఒకటికి తగ్గిస్తే ఫ్యాను మెల్లగా తిరిగింది.

"ఇప్పుడు చెయ్యి ప్రార్థన," అన్నాను.

కళ్లు మూసుకుంది. "ప్రేమగల తండ్రీ..." అని ఆగిపోయింది. కళ్లు తెరవకుండానే అంది: "మీతో అబద్ధం ఆడగలిగానండీ. ఆయనతో ఎలా ఆడను? పైకి చేస్తే గడ్డ సంగతి మీరు వినేస్తారు. మానేస్తే ఎందుకు మానేశావని ప్రాణం తీస్తారు. అందుకే పీకేశాను."

నా కోపం ఎటు పోయిందో. వచ్చి నా సీటులో కూర్చుని ఫ్యాను పూర్తిగా ఆపేశాను. ప్రార్థనలో ఆమేన్ తప్ప ఏనాడూ నోరు విప్పనివాణ్ణి, "ప్రేమగల తండ్రీ," అని నేనే అందుకున్నాను. తర్వాత ఏమనాలో తెలియలేదు. ఆవిడ పేరు చెప్పాను. మళ్లీ మళ్లీ అదే చెప్పాను.

చివర్న ఆమేన్ తను అంది.