నిండుగా తిరిగొచ్చిన గ్లాసు

ప్రతి నెలా మొదటి ఆదివారానికి ముందురోజు మా సంతోష్‌నగర్ ఇల్లంతా కిస్‌మిస్ ఉడికే వాసన. నయాపూల్‌లో తెచ్చిన నల్ల కిస్‌మిస్‌ను అమ్మ పొద్దున నానబెట్టి, సాయంత్రం ఉడకబెట్టి, చల్లారాక పిసికి పాత చీర ముక్కలో వడకట్టేది. మర్నాడు మా చిన్న చర్చిలో ప్రభు బల్ల దగ్గర, యేసు రక్తానికి గుర్తుగా, అందరికీ బుల్లి గ్లాసుల్లో అందే ద్రాక్షారసం అదే. ఇటలీ వెళ్లొచ్చాక నేను దానికి కిస్‌మిస్ కషాయమని పేరు పెట్టాను. అమ్మ నవ్వి ఊరుకుంది.

ఇటలీకి పంపింది నేను పనిచేసే హోటల్ వాళ్లే. అతిథులకు వైన్ ఎలా వడ్డించాలో నేర్చుకు రమ్మని మూడు వారాలు. అక్కడ నా మతి పోయింది. మేం దిగిన ఇంటి ముసలావిడ మధ్యాహ్నం భోజనంలో పప్పుకు నెయ్యి వేసుకున్నంత మామూలుగా గ్లాసులో వైన్ పోసుకునేది. నాతోపాటు నేర్చుకునే జార్జియా దేశస్థుడు, తమ ఇళ్లలో ఎవరో ఒకరు లేచి నాలుగు మంచి మాటలు చెప్పకుండా గ్లాసు ఎత్తరని చెప్పాడు. చనిపోయినవాళ్లను తలుచుకోవడానికీ ఒక గ్లాసు ఉంటుందట. మా గురువైతే వైన్ గురించి ఇంట్లో మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడేవాడు. ఇది ఇంకా పసిది, ఇది కోపిష్టిది, దీన్ని రెండేళ్లు కదిలించొద్దు అని.

మన దగ్గరేమో ‘ఆయన తాగుతాడు’ అంటే చాలు, ఏం తాగుతాడని ఎవరూ అడగరు. మా వీధి మలుపులో వైన్స్ అని బోర్డున్న దుకాణంలో వైన్ ఒక్కటి తప్ప అన్నీ అమ్ముతారు. కొన్నవాళ్లు నల్ల కవర్లో చుట్టుకొని తలొంచుకొని పోతారు. ఇంత మోటు మనుషుల మధ్య పుట్టానేమిటా అని నిజంగానే సిగ్గుపడ్డాను. మూడు వారాలకే నాకంత పొగరెక్కింది.

మనవాళ్లకు తాగుడంటే ఎందుకు భయమో నాకు తెలియక కాదు. మా వెనక వీధిలో మామ ఉన్నాడు. సొంత మామ కాదు, అమ్మను చెల్లె అని పిలుస్తాడు కాబట్టి నాకు మామ. బహదూర్‌పురాలో వెల్డింగ్ షాపు. నా చిన్నప్పుడు ఆయన్ని రోడ్డు పక్క నుంచి లేపి ఇద్దరు ముగ్గురు మోసుకురావడం చాలాసార్లు చూశాను. మానేసి పదకొండేళ్లయింది. చర్చిలో డోలక్ ఆయనదే. ఆయన దరువు మొదలుపెట్టాకే మా పాటకు ప్రాణం వచ్చేది.

నేను ఇటలీ నుంచి వచ్చాక ఒక నెల అమ్మకు జ్వరం. కీళ్లు పట్టేసి మంచం దిగలేకపోయింది. “డబ్బాల కిస్‌మిస్ ఉంది, జర నువ్వే ఉడకవెట్టు బిడ్డా” అంది. సరేనన్నాను. కానీ బీరువాలో ఇటలీ నుంచి తెచ్చిన వైన్ సీసా ఒకటుంది. అక్కడి చర్చిలో అసలైన వైన్ ఇవ్వడం కళ్లారా చూసి వచ్చినవాణ్ని, మావాళ్లకు కూడా ఒక్కసారి అసలుది రుచి చూపిద్దామనుకున్నాను. అమ్మ గిన్నె నిండా ఆ సీసా వొంపి, మూతపెట్టి, పొద్దున్నే చర్చికి తీసుకెళ్లాను.

పోసేటప్పుడు మామ గుర్తుకు రాలేదని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. గుర్తుకొచ్చాడు. ఒక్క గుటకకు ఏమవుతుందిలే అనుకున్నాను.

గ్లాసుల పళ్లెం వరసలో కదిలింది. నా పక్కన కూర్చున్న అవ్వ తాగి మొహం చిట్లించి, “ఈపారి చక్కెర తక్కువేసింది మీ అమ్మ” అని గొణిగింది. నాకు నవ్వొచ్చింది. అంతలో పళ్లెం మామ దగ్గరికి చేరింది. ఆయన ఎప్పటిలాగే కళ్లు మూసుకుని గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆగిపోయాడు. కళ్లు తెరిచాడు. ఒక్క చుక్క ఒలకకుండా గ్లాసును మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. నేను లేచి ‘తప్పు నాదే’ అంటే అక్కడితో అయిపోయేది. తలొంచుకుని కూర్చున్నాను.

మా చర్చిలో ఎవరైనా ఆ గ్లాసు వద్దన్నాడంటే ఏదో పాపం దాచుకున్నాడని లెక్క. ఇక మామ దాచుకునే పాపం ఏమై ఉంటుందో ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. గేటు దాటకముందే “మల్ల మొదలువెట్టినట్టున్నడు” అన్న మాట చెవిన పడింది. వారం తిరిగేసరికి అత్త ఆయన జేబులు వెతుకుతోందని తెలిసింది. పాస్టర్‌గారు కొన్నాళ్లు వెనక కూర్చోమన్నారు, డోలక్ ఇంకెవరికో ఇచ్చారు. అమ్మ జ్వరంలోనే మంచం మీద చేతులు జోడించి, “పదకొండేండ్ల కష్టం ప్రభువా, కాపాడు” అని ఏడ్చింది. నేను పక్కనే కూర్చుని ఆమెన్ అన్నాను. ఆ ఆమెన్ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడో ఆదివారం ఆ కొత్త చేతుల్లో డోలక్ తడబడుతుంటే వెనక వరసలో మామ వేళ్లు మోకాలి మీద దరువేయడం చూశాను. ఇక ఆగలేక మర్నాడు బహదూర్‌పురా వెళ్లాను. ఆయన గేటు అతుకుతున్నాడు. మొత్తం చెప్పాను. మొహానికి అడ్డం పెట్టుకున్న నల్లద్దం పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

“నువ్వా? నేను మీ అమ్మే అనుకున్న. జరంల ఏ సీసా ఏందో చూస్కోక కలిపిందనుకున్న.”

“మరి ఎవ్వరికీ ఎందుకు చెప్పలే మామా?”

“ఏమని చెప్పాలె? చెప్తే లొల్లంత ఆమె మీద పడ్తది. నా పేరు ఎన్నడో పోయిందిరా, మల్లొకపారి పోతే ఏమైతది? చెల్లె పేరు పోనిస్తనా?”

ఆయన మళ్లీ అద్దం అడ్డం పెట్టుకుని పనిలో పడ్డాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

తర్వాతి ఆదివారం చర్చిలో అందరి ముందు నిలబడి చెప్పాను. హోటల్లో ఒక్క గుక్క వైన్ గురించి అరగంట మాట్లాడేవాణ్ని, అక్కడ నాలుగు ముక్కలు చెప్పడానికి చెమటలు పట్టాయి. డోలక్ మామ దగ్గరికి తిరిగొచ్చింది. అత్త వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. అమ్మ మాత్రం నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు కిస్‌మిస్ డబ్బా నా ముందు పెట్టి, “ఇగ నుంచి ఇది నీ పని” అంది.

అప్పటి నుంచి నేనే నానబెడుతున్నాను, నేనే వడకడుతున్నాను. ఆ కషాయంలో ఏముందో మామకు తెలుసు. నేను ఉడకబెడుతుంటే ఒకసారి వచ్చి పక్కన నిలబడి చూశాడు కూడా. నన్ను ఎప్పుడో క్షమించాడు. కనిపిస్తే భుజం మీద చెయ్యేసి చాయ్ తాగుదాం రమ్మంటాడు.

అయినా బల్ల దగ్గర ఆయన ఇప్పుడు కళ్లు మూసుకోడు. పళ్లెం తన దగ్గరికి రాగానే గ్లాసు తీసుకుని, ముక్కు కిందికి తెచ్చి, ఒకసారి గాలి పీల్చి, ఆ తర్వాతే తాగుతాడు. ముందు వాసన చూడాలి, తర్వాతే తాగాలి అని హోటల్లో కొత్తగా చేరినవాళ్లకు రోజూ చెప్పేవాణ్ని. మామకు కూడా నేనే నేర్పాను.