అమ్మ వేసిన పొగ

నన్ను అనుమానపు మనిషి అంటే కాదనను. కొన్న పాలలో వేలు ముంచి చూస్తాను. చేపలు కొనేటప్పుడు చేపను కాదు, తూకం వేసే చేతిని చూస్తాను. అలాంటి నాకు ముప్పై ఆరేళ్ళకే బీపీ ఉందని నెల్లూరులో డాక్టరుగారు చెబితే నమ్ముతానా? మిషను చెడిపోయి ఉంటుందన్నాను. ఆయన నవ్వి ఇంకో మిషను తెప్పించారు. అదీ ఆ మాటే చెప్పింది.

తర్వాత నా అనుమానం ఎండుచేపల మీదికి పోయింది. వాటిని మానేశాను, పచ్చళ్ళ జాడీ పక్కింటికి ఇచ్చేశాను, బీపీ మాత్రం దిగలేదు. అమ్మకు లేదు, నాన్నకు లేదు, నాకంటే చాలా చిన్నదైన చెల్లెలికీ లేదు. మరి నాకెక్కడి నుంచి వచ్చినట్టు?

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారు ఒక వింత ప్రశ్న వేశారు. "మీరు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మగారు పొగలో ఉండేవారా?" తల్లి పీల్చిన పొగలోని కంటికి కనపడని నలుసులు ఆమె రక్తంలోకి పోగలవట. లోపల బిడ్డకు గుండె, రక్తనాళాలు తయారయ్యే రోజుల్లోనే వాటికి దెబ్బ తగలవచ్చట. అది ఏళ్ళ తర్వాత బీపీగానో గుండెజబ్బుగానో బయటపడవచ్చట. "మీకు అందువల్లే వచ్చిందని మాత్రం నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు" అన్నారు. ఆ చివరి మాట నేను చెవిన పెట్టలేదు. దొంగ దొరికాడనే అనుకున్నాను.

మా ఊరు జువ్వలదిన్నెకు దగ్గర. ఒక పక్క ఉప్పుటేరు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. చినుకు పడితే దోమలే దోమలు. మా ఇళ్ళలో కడుపుతో ఉన్న మనిషికి సాయంత్రం పొగ వేయడం ఒక ముద్దు. పాత మూకుట్లో పిడకల నిప్పు పోసి, పైన ఊక, ఎండిన వేపాకు చల్లి మంచం కిందికి తోస్తారు. దోమా దిష్టీ రెండూ పోవాలని తలుపు దగ్గరగా వేస్తారు. అమ్మ నన్ను మోసిన నెలలన్నీ అమ్మమ్మ అలాగే చేసిందట. "ఆ వైభోగం నీకే జరిగినాది, చెల్లి నాటికి ఫ్యాను వచ్చేసినాది" అని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. నేనూ దాన్ని గొప్పగానే చెప్పుకునేదాన్ని.

ఇప్పుడు చెల్లెలికి ఏడో నెల, పురిటికి అమ్మ దగ్గరికి వచ్చింది. కబురు తెలియగానే నేనుండే నాయుడుపేటలో ఒక దోమతెర కొని బస్సెక్కాను. ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతోంది. కరెంటు లేదు. వీధిలోకే వేపాకు పొగ వాసన వస్తోంది. లోపల చెల్లెలు కళ్ళు నులుముకుంటూ మంచం మీద కూర్చుని ఉంది. కింద అదే మూకుడు. నాకు కోపం కన్నా భయమే ముందు వచ్చింది.

మూకుడు తీసుకెళ్ళి వాకిట్లో పెట్టాను. అమ్మ దాన్ని మళ్ళీ లోపలికి తెచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి.

"ఏందే నీ గోల? దోమలు పీక్కు తింటుండాయి దాన్ని. అంగట్లో అమ్మే దోమల చుట్టలు నేను నమ్మను. దాంట్లో ఏం కలిపినారో ఎవురికి తెలుసు? ఇది మన వేపాకు."

"ఏ పొగా వద్దమ్మా. దోమతెర తెచ్చినా."

"నిన్ను ఈ పొగలోనే మోసినా. నీకేమయినాది?"

నా బీపీ సంగతి అమ్మకు తెలియదు. మాత్రలు ఇన్నాళ్ళూ దాచి మింగుతూ వచ్చాను. చెబితే అమ్మ మీద నేరం మోపినట్టు అవుతుంది. చెప్పకపోతే మూకుడు మంచం కిందే ఉంటుంది. చెల్లెలి కడుపు వంక చూశాను.

"నాకు బీపీ ఉండాదమ్మా" అన్నాను. డాక్టరుగారు చెప్పిందంతా చెప్పాను. ఎవరూ ఖాయంగా చెప్పలేరన్న మాట ఈసారి అన్నిటికంటే ముందు చెప్పాను.

అమ్మ మూకుడు వాకిట్లోకి తీసుకుపోయి చెంబెడు నీళ్ళు కుమ్మరించింది. తలుపులు బార్లా తెరిచింది. ఇద్దరం దోమతెర కట్టాం. చెల్లెలు పడుకున్నాక అమ్మ విసనకర్ర తీసుకుని మంచం పక్కన కూర్చుంది.

"ఎవురూ చెప్పలేరని ఆ డాక్టరు నిజంగానే అన్నాడా, నా మొహం చూసి నువ్వు కలిపినావా?"

"అన్నాడమ్మా."

"ఒట్టేనా?"

"ఒట్టు."

నేను చెప్పింది నిజమే. అయినా పాలవాణ్ణి నేను చూసే చూపుతోనే అమ్మ నన్ను చూసింది. కాసేపటికి విసనకర్ర కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, నా గుండె మీద పెట్టి అలాగే ఉంచింది.