ఆఫీసర్ నెయ్యి

ప్రొద్దుటూరు బస్టాండు పక్క హోటల్లో నేను సప్లయరుగా ఉన్న రోజుల్లో మా వంటింట్లో నెయ్యి రెండు రకాలు. ఒకటి జనానికి. అది వనస్పతికి నెయ్యి వాసన చూపించి చేసింది. రెండోది అటక మీద జాడీలో ఉండేది. దాని పేరు ఆఫీసర్ నెయ్యి. మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు వచ్చిన పూట మాత్రమే అది కిందికి దిగేది. దేవుడి నగలకు కూడా అంత కట్టుదిట్టం ఉండదు.

కల్తీ తిండి అమ్మితే కేసు పెడతారని కొత్తగా చట్టం వచ్చినాక మా హోటల్లో వచ్చిన మార్పు ఆ జాడీ ఒక్కటే. బోండాల నూనె పాతదే. తగ్గితే దాంట్లోనే కొత్తది పోసేవాళ్లు, పారబోయడం ఎరగం. పొద్దున బాండలి మూత తీస్తే నల్లటి తునకల మధ్య బొద్దింక కాళ్లు చాపి ఉండేది. గరిటెతో తీసి పారేసి పొయ్యి వెలిగించడమే. పులివెందుల నుంచి శెనక్కాయలు అమ్ముకునేదానికి వచ్చిన రైతులు ఆ బోండాలు తిని, "శానా బాగుండాయప్పా" అంటే నేను ఇంకో ప్లేటు తెచ్చిపెట్టేవాణ్ణి.

దోసెల మాస్టరుది జమ్మలమడుగు. ఆయనది ఒకటే పట్టు, వారానికొక రోజు సెలవు. పనివాళ్లకు అది ఇచ్చి తీరాలని ఇంకో చట్టం ఉంది. ఆ కాగితాన్ని అద్దం కట్టించి గల్లాపెట్టె వెనక తగిలించినారు. మా హోటల్లో సెలవు ఉండేది ఆ అద్దంలోనే.

"సావుకారీ, మంగళవారం ఇంటికి పోయొస్తా. ఎప్పుడన్నా పోతే నా బిడ్డ 'అమ్మా, ఎవురో వచ్చినారు' అని లోపలికి పరిగెత్తుతాంది."

"బిడ్డకు మర్యాద బాగా నేర్పినావప్పా," అన్నాడు యజమాని. "మంగళవారం గిరాకీ ఎక్కువ. చూద్దాంలే."

"శానా దినాలు చూసినా. ఈసారి ఇయ్యకపోతే లేబరాఫీసరు దగ్గరికి పోతా."

యజమాని నవ్వినాడు. ఆ నవ్వు చూస్తే నాకు బాండలి మూత తీసినట్టయింది.

మరుసటి రోజే జట్కా అతను మా వాకిట్లో "దిగినాడు!" అని కేకేసి పోయినాడు. ఇన్‌స్పెక్టరని అర్థం. బాండలి దొడ్లో గోనె కిందికి పోయింది. జాడీ అటక దిగింది. నా భుజానికి ఉతికిన తువ్వాలు వచ్చింది.

ఇన్‌స్పెక్టరు మంచి నెయ్యి దోసె తిని, వేళ్లు నాకి, వంటింట్లోకి వచ్చినాడు. అంతా శుభ్రంగానే ఉంది. ఏదో ఒకటి రాయకపోతే బాగుండదన్నట్టు చుట్టూ చూసి, మాస్టరు చేతుల దగ్గర ఆగినాడు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి రసి కారుతోంది. అంట్లు తోమే మనిషి మానేస్తే ఆ పని కూడా మాస్టరు మీదనే వేసినారు. అంట్లు తోమే సోడా నీళ్లు చేసిన నిర్వాకం అది.

"ఈ చేతులతో పిండి ముట్టకూడదు. తినేవాళ్ల ఆరోగ్యం ఏం కావాల?"

యజమాని కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. సంతోషంతో అనుకుంటా. "చట్టం అంటే చట్టమే సార్. ఈ నిమిషమే తీసేస్తాండా." మాస్టరు వైపు తిరిగి, "సెలవు అడిగితివి గదప్పా. ఇచ్చినా, పో. ఇంగ వారమంతా మంగళవారమే నీకు."

"చేతులు ఇట్లయింది మీ సోడాతోనే గదా సావుకారీ?"

"అందుకే గదా, ఇంగ నీకు ఆ బాధ ల్యాకుండా చేస్తాండేది."

రెండు చట్టాలూ ఒకేసారి అమలు కావడం నేను చూసింది అప్పుడే. మాస్టరుకు సెలవు దొరికింది, జనానికి ఆరోగ్యం దొరికింది. బాండలి గోనె కింద క్షేమం.

మాస్టరు ఏడుస్తాడేమోనని నేనొక జోకు సిద్ధం చేసుకున్నా. అది దండగైంది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, హాల్లోకి వచ్చి, కాఫీకి కూచున్న ఇన్‌స్పెక్టరు పక్క బల్ల దగ్గర కూచున్నాడు.

"ఏందప్పా, ఈడ కూచున్నావు?" అన్నాడు యజమాని.

"దోసె తినేదానికి. ఇప్పుడు నేను పనోణ్ణి కాదు గదా, గిరాకీని. సార్ తిన్న నెయ్యే వేయించండి."

ఇన్‌స్పెక్టరు తలెత్తినాడు. "సార్ తిన్న నెయ్యి ఏంది? ఎన్ని రకాలుండాయేంది?"

"ఒకటే సార్! ఉండేది ఒకటే!" అని యజమాని నాకు జాడీ వైపు సైగ చేసినాడు. పెనం దగ్గర ఇంకెవరూ లేరు గాబట్టి దోసె నేనే పోసినా. నెయ్యి ధారగా వంచినా. పక్క బల్లల రైతులు "మాకూ ఎయ్యప్పా అది!" అన్నారు. వేసినా. జాడీ అడుగు కనపడింది. యజమాని మొహం చూడాలని శానా ఆశగా ఉన్నా, చేతులు ఖాళీ లేవు.

ఇన్‌స్పెక్టరు అటకను చూసినాడు, జాడీని చూసినాడు, నన్ను చూసినాడు. అన్నీ అర్థమయినాయి. ఇంకో కాఫీ తెమ్మన్నాడు. "నెయ్యి మేలైనది" అని రాసుకుని వెళ్లిపోయినాడు.

మాస్టరు చెయ్యి కడుక్కొని లేచినాడు.

"యాడికి మామా?" అన్నా.

"బస్సుకు. వచ్చింది ఎవురో నా బిడ్డకు చెప్పల్ల."

జమ్మలమడుగు బస్సు కదలకముందే యజమాని నన్ను పిలిచినాడు. "ఇంగ పెనం నీదే. మనిషి దొరికేదాక అంట్లు గూడా నువ్వే చూసుకో."

బాండలి తెచ్చేదానికి దొడ్లోకి పోయి గోనె ఎత్తినా. బొద్దింక నాకంటే ముందే పనిలో చేరింది.