మంచి కాలి మీద బొమ్మ

ఆ రోజుల్లో నాకు తెలిసింది తక్కువ, తెలుసునని చూపించుకోవాలన్న ఆత్రం ఎక్కువ. డాక్టరీ పట్టా పుచ్చుకుని మా ఖరగ్‌పూర్‌లోనే ఒక ఆసుపత్రిలో జూనియర్‌గా చేరిన కొత్త. అప్పుడే నిమ్‌పురా రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేస్తున్న మా మేనమామ కుడికాలి మీద ఇనప దిమ్మ పడింది. మోకాలి కింద చర్మం పోయి ఎముక బయటపడింది. పిక్కలోని కండను ముందుకు తిప్పి కప్పకపోతే కాలు దక్కదన్నారు మా పెద్ద డాక్టరుగారు.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం షెడ్డువాళ్లంతా మావయ్య మంచం చుట్టూ చేరారు. "కండ కోసీసి తిప్పితే బతుకుతాదేట్రా అల్లుడూ? దానికి రగతం ఎటునుంచి వస్తాది?" అన్నాడు మావయ్య. అంతమంది శ్రోతలు నాకు మళ్లీ దొరుకుతారా! కుడికాలికి కట్టు ఉంది కనుక ఎడమకాలు తిప్పి, మోకాలి వెనక నుంచి పిక్కలోకి దిగే ధమనిని ఎర్ర పెన్నుతో గీశాను. "కోసేది కింది కొసనే మావయ్యా. పైన ఈ ధమని జోలికి పోం. కండంతా దీనిమీదే బతుకుతుంది."

"అయితే సింగిల్ లైనే! అది మూసుకుపోతే పక్కనుంచి తిప్పడానికి లూపు లైను కూడా నేదేటి?" అన్నాడు షెడ్డువాళ్లలో ఒకాయన. (అది మంచి ప్రశ్న. నేను దాన్ని చప్పట్లనుకున్నాను.) ఆ మురిపెంలో బొమ్మ తుడవడం మరిచిపోయాను.

కోయవలసిన కాలికే పెన్నుతో గుర్తు పెట్టడం మా ఆసుపత్రి పద్ధతి. మర్నాడు పొద్దున థియేటర్‌లో, నడుముకి మత్తిచ్చాక, నర్సు దీదీ ఆగిపోయింది. "గుర్తు ఈ కాలికి, కట్టు ఆ కాలికి!" పనంతా నిలిచిపోయింది. "ఎవరు గీశారిది?" అని పెద్ద డాక్టరుగారు గర్జించారు. నేను గ్లవ్స్ సరిచేసుకోసాగాను.

"నేనే సార్," అన్నాడు బల్ల మీది మావయ్య. నాకు పడాల్సిన తిట్లన్నీ ఆయనే తిన్నాడు. కాగితాలన్నీ మళ్లీ చూసి, కుడికాలికే కత్తి పెట్టారు. తిప్పిన కండ ఎర్రగా, ప్రాణంతో ఉంది.

నాలుగు గంటల తర్వాత పెద్ద డాక్టరుగారి గదికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. "ఫిట్టరు గీస్తే ధమని సరిగ్గా అక్కడే మొదలవుతుందా? బొమ్మ బాగుంది. పొద్దున్నే చెప్పి ఉంటే నువ్వూ బాగుండేవాడివి," అన్నారు.

ఎందుకు అబద్ధమాడావని మావయ్యని అడిగాను. "నీది కొత్త ఉద్యోగం. నాకా, నడుం కింద మొద్దుబారిపోనాది. ఎంత తిట్టినా లేచి పారిపోలేను కదేటి!"

మావయ్య కాలు దక్కింది, నడిచాడు. తప్పు ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ టైము పడుతుంది. కాకపోతే నాలుగు గంటలు పట్టదు.