సంతకానికి ముందు

ఈ ఉదయం జగిత్యాలలోని మా ఆఫీసుకు ఒక పెద్దాయన కొత్త బట్ట తాను చంకన పెట్టుకుని వచ్చాడు. దాన్ని బల్ల మీద దించగానే గంజి వాసన గుప్పుమంది. చేతిలో పని అలాగే ఉంది, మనసు మాత్రం సిరిసిల్లలో నేను కొలువు మొదలుపెట్టిన ఆ ఇరుకు గదికి వెళ్లిపోయింది. కింద మరమగ్గాల చప్పుడు, పైన మేము. మేము అంటే నేనూ, హమీద్ సారూ.

హమీద్ సార్ ఊరు కోరుట్ల. చిన్న వ్యాపారులకు పన్నుల కాగితాలు చూసిపెట్టేవారు. గురువారం గురువారం బస్సెక్కి సిరిసిల్ల వచ్చి ఆ గదిలో కూర్చునేవారు. మిగతా రోజులు గది నాది. బీకాం ముగించి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను పనిలో పెట్టుకున్నది ఆయనే. తంగళ్ళపల్లి నుంచి ఆటోలో వచ్చి, జీఎస్టీ అంతా నాకే తెలుసన్నట్టు కుర్చీలో కూర్చునేదాన్ని. ఆయనకు మాత్రం ఒక అలవాటుండేది, అది చూస్తే నాకు చిరాకు. ఎవరి చేతా ఊరికే సంతకం పెట్టించేవారు కాదు. విషయమంతా చెప్పి, పెన్ను తన చేతిలోనే ఉంచుకుని, "ఇప్పుడు నువ్వు నాకు జెప్పు" అనేవారు. ఎదుటి మనిషి తన మాటల్లో తిరిగి చెప్పేదాకా పెన్ను కదిలేది కాదు. బయట ఇంకో పదిమంది కాచుకుని ఉన్నా సరే.

నర్సవ్వ అని ఒకావిడ వచ్చేది. ఆరు కుట్టు మిషన్లు పెట్టి ఆడవాళ్ల చేత చీరల లోపలి లంగాలు కుట్టించేది. జీఎస్టీ వచ్చిన కొత్తలో బిల్లు చూసి గొడవకు దిగింది. "గిదేంది సారూ, ఒక్క లంగకు రెండు పన్నులా?"

"రెండు గాదు నర్సవ్వా, ఒక్కటే. నూటికి అయిదు. మాల్ మన తెలంగాణల్నే ఉంటే రెండున్నర కేంద్రానికి, రెండున్నర మన రాష్ట్రానికి. వేరే రాష్ట్రం పోతే చీల్చుడు లేదు. అయిదుకు అయిదు ఒక్క పేరు మీదనే కడుతవు. అండ్ల కెల్లి మాల్ చేరిన రాష్ట్రం వాటా కేంద్రమే గా రాష్ట్రానికి పంపుతది. ఇప్పుడు నువ్వు నాకు జెప్పు."

నర్సవ్వ బిల్లు మీద వేలు పెట్టింది. "అంటే, లంగ యాడ కట్టుకుంటే పన్ను ఆడికి పోతది. గంతే గదా?"

సార్ పగలబడి నవ్వి పెన్ను ఇచ్చేశారు. నేను చదివిన పుస్తకాల్లో ఇంత సులువుగా ఎక్కడా లేదు.

ఒక సోమవారం అదే నర్సవ్వ రొప్పుతూ మెట్లెక్కింది. మహారాష్ట్రలోని నాందేడ్ నుంచి ఆమె మాల్ కొనే సేటు సొంత బండితో వచ్చి ఎక్కించుకుంటున్నాడట, వెంటనే బిల్లు కావాలి. సరుకు సిరిసిల్లలోనే చేతులు మారుతోంది కదా అని నేను పన్నును చెరిసగం చీల్చి బిల్లు కొట్టాను. తిరిగి చెప్పమని అడగలేదు. అడిగి ఉంటే, లంగలు కట్టుకునేది నాందేడ్‌లో అని ఆమే అనేది. నా తెలివి అలా తెల్లారింది.

మరుసటి నెలలో ఆ పన్ను కట్టడం కూడా అయిపోయాక సేటు ఫోన్ చేశాడు. కొన్నప్పుడు ఇచ్చిన పన్నును అతను అమ్మినప్పుడు కట్టేదాంట్లో తగ్గించుకోవాలి. ఇక్కడి పేరున చీల్చి కట్టింది అతనికి మహారాష్ట్రలో పనికిరాలేదు. బిల్లు సరిచేయకపోతే ఇక మాల్ వద్దన్నాడు. నర్సవ్వ కుట్టించేదాంట్లో సగం అతనికే. అతను పోతే మూడు మిషన్లు ఆగిపోతాయి.

గురువారం సార్ రాగానే చెప్పి, మెల్లగా అన్నాను: "కంప్యూటర్ల తప్పు వడ్డదని చెప్దామా సార్?"

ఆయన కోప్పడలేదు. "కంప్యూటర్‌కు మొకం లేదు బిడ్డా, మనకున్నది. నడువు."

నర్సవ్వ ఇంట్లో మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆరుగురు ఆడవాళ్లూ నా వైపే చూస్తున్నారు. "తప్పు నాదే నర్సక్కా. నిన్ను అడుగకుండనే కొట్టిన" అన్నాను. "గిప్పుడు గీళ్లకు నేనేం జెప్పాలె?" అని ఆమె అడిగింది. ఏడుపు ఆపుకోలేకపోయాను. సార్ అక్కడి నుంచే సేటుకు ఫోన్ చేసి, తప్పు మా ఆఫీసుది, ఆమెది కాదు, కొత్త బిల్లు పంపిస్తాం అని ఉర్దూలో బతిమాలారు. సేటు ఒప్పుకున్నాడు. సరైన పేరున పన్ను మళ్లీ కట్టాలి. ముందు కట్టింది దరఖాస్తు పెడితే వెనక్కి వస్తుంది కానీ నెలలు పడుతుంది. అందాకా ఆ సొమ్ము సారే తన చేతి నుంచి పెట్టారు.

తిరుగుదారిలో నా జీతంలో కోసుకోమన్నాను. "కోస్తే లెక్క తీరిందనుకుంటవు బిడ్డా. తీరకపోనీ" అన్నారు.

తర్వాత కంటిచూపు తగ్గి ఆయన ఆఫీసు మూసేశారు, నేను జగిత్యాలలో ఇదే పనికి ఆఫీసు పెట్టుకున్నాను. కిందటి నెల కోడలి చేయి పట్టుకుని మా మెట్లెక్కారు. ఆ అమ్మాయి బుర్ఖాలు కుట్టి నాందేడ్‌కు పంపాలనుకుంటోంది, వ్యాపారం మామగారి పేరున. నేను కాగితాలన్నీ చదివి వినిపించి, పెన్ను ఆయన చేతిలో పెట్టాను. ఆయనకు నేను చెప్పడమేమిటి, తిరిగి చెప్పమనడమేమిటి!

ఆయన సంతకం పెట్టలేదు. పెన్ను నా వైపు చాచి పట్టుకున్నారు. "అడుగవా బిడ్డా?"

పెన్ను అందుకుని అడిగాను. ఆయన బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుని చెప్పారు: "బుర్ఖాలు యాడ ఏసుకుంటే పన్ను ఆడికి పోతది. నర్సవ్వ జెప్పింది." ఆయన వేలు పట్టుకుని సంతకం చోటు చూపిస్తుంటే, ఈ మనిషంటే నాకెంత ప్రేమో తెలిసింది.

బట్ట తెచ్చిన పెద్దాయన తొందరపడుతున్నాడు. కోరుట్ల బస్సు వెళ్లిపోతుందట. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమని చేయి చాచాడు. నేను పెన్ను ఇవ్వలేదు.

"బస్సు ఇంకోటి వస్తది కాకా" అన్నాను. "ఇప్పుడు నువ్వు నాకు జెప్పు."