గోడల మీదికి లేచిన బుట్ట

యుద్ధమంటే నాకు అసహ్యం. అయినా నేను మొదటినుంచి చివరిదాకా చదివిన మొదటి పుస్తకం యుద్ధాలదే. యాభై దాటినాక ఒమాన్‌లో, ఇబ్రి ఊళ్ళో మా రూమ్‌లోనే అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది నాకు వరుసకు బామ్మర్ది. పక్క ఊరివాడు, నాకంటే చిన్న, నాతోపాటే తాపీ పని. ఎవరో ఇంటికి పోతూ రూమ్‌లో వదిలేసిన పుస్తకం అది. అట్ట కూడా లేదు.

అందులో ఒకచోట బెలూన్ల సంగతి ఉంది. నూటయాభై ఏళ్ళ పైమాట, అమెరికావాళ్ళు వాళ్ళలో వాళ్ళే కొట్టుకున్న కాలం. పట్టుబట్ట సంచిలో తేలికైన గ్యాస్ నింపి, కింద బుట్ట కట్టి, బుట్టలో మనిషిని నిలబెట్టి పైకి వదిలేవారట. ఎగిరిపోకుండా తాళ్ళతో నేలకు కట్టేవారు. పైనున్నవాడు దుర్భిణిలో అడవి అవతలి గుడారాలు, పొయ్యిల పొగ, ఫిరంగులు చూసి తంతి తీగ మీద కిందికి కబురు చెప్పేవాడు. ఒకసారి తాడు తెగి ఒక సేనాపతి ఒక్కడే శత్రువుల నెత్తిమీదికి తేలిపోయాడట. గాలి తిరిగి మళ్ళీ అదే వెనక్కి తెచ్చిందట. తాడు పట్టుకున్నవాళ్ళ గురించి మాత్రం పెద్దగా ఏమీ లేదు. రాసినాయన ఎప్పుడూ తాడు పట్టి ఉండడు.

నేను కూడబలుక్కొని చదివేవాణ్ణి. ఆ బెలూన్ నేల విడవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది, చెట్ల పైకి రావడానికి ఇంకో సాయంత్రం. అంత మెల్లగా లేచింది నేను మరొకటి చూడలేదు. కళ్ళు మూసుకుంటే మంచమే బుట్ట. ఏసీ హోరే గాలి. కింద సైన్యం ఉండేది కాదు, ఇబ్రి ఉండేది.

ఎందుకంటే ఇక్కడ నేను కట్టినవన్నీ గోడలే. ఖర్జూర తోటల చుట్టూ ప్రహరీలు. మేం కట్టేటప్పుడు లోపల మోకాలెత్తు మొక్కలుండేవి. గోడ పూర్తయ్యేసరికి మేం బయట ఉండేవాళ్ళం. ఇప్పుడు చెట్ల తలలు గోడ దాటి కనిపిస్తాయి, అంతే. గేటు కొట్టి అడగొచ్చు. ఒమానీలు మర్యాదస్తులు, కూర్చోబెట్టి కాఫీ పోస్తారు. కాని అది ఒక తోట చూడటం. నాకు నా గోడలన్నీ ఒక్క చూపులో కావాలి, వాటి లోపల పెరిగిందంతా కావాలి. వీసా ముగించుకొని, ఎగ్జిట్ మీద ఇంటికి పోయేలోగా చూడాలి.

ఈ చలికాలం ఊరి బయట మైదానంలో సంబరాలు పెట్టారు. రాజస్థాన్ నుంచి ఒకాయన బెలూన్ తెచ్చాడు. ఇది గ్యాస్‌ది కాదు, మంటపెట్టి వేడిగాలితో లేపేది. జనాన్ని ఎక్కించి, కొంత ఎత్తు లేపి, దించుతాడు. రెండు తాళ్ళు పికప్ బండ్లకు కట్టాడు. మూడో తాడు పట్టడానికి మా కంపెనీని మనుషుల్ని అడిగాడు. నేను, బామ్మర్ది, ఇంకో ఇద్దరు కలిసి పోయాం.

"బావా, నీ పుస్తకంలోది లేచి వచ్చింది చూడు," అన్నాడు బామ్మర్ది.

ఆఖరి రోజు మాలో ఒకరిని ఎక్కిస్తానని బెలూనాయన మాటిచ్చాడు. బామ్మర్ది హిందీలో, "ముసలాయన్ని ఎక్కించు సార్. బరువు లేడు. ఎగిరిపోయినా కంపెనీ వెతకదు," అన్నాడు.

ఆఖరి రోజు సాయంత్రం ఎక్కాను. మంట హోరుమంది, ఆగింది. ఆగినప్పుడు ఎంత నిశ్శబ్దమంటే, నేలే మెల్లగా నన్ను విడిచి కిందికి దిగిపోతున్నట్టు అనిపించింది. ఊళ్ళోని పాత కోట బురుజు చిన్నదైంది. కొండలు ఒకదాని వెనకనుంచి ఒకటి తొంగిచూశాయి. నా గోడలు చాక్‌పీసుతో గీసిన గీతలయ్యాయి. మొదటి తోట విచ్చుకుంటూ ఉంది.

అప్పుడే గాలి ఒక తోపు తోసింది. గాలి తోస్తే వదిలేయమని చెప్పినట్టే కింద మిగతా ఇద్దరూ తాడు వదిలేశారు. బామ్మర్ది వదల్లేదు. తాడు అరచేతికి చుట్టుకొని ఉన్నాడు.

చుట్టొద్దని బెలూనాయన రోజూ చెప్పేవాడు. కాని మేం బావుల్లో నీళ్ళు చేదుకొని పెరిగినవాళ్ళం. సైట్లో సిమెంటు మాలు బకెట్లు పైకి లాగినవాళ్ళం. తాడు జారితే చేతికి ఒక చుట్టు చుట్టి వెనక్కి వాలుతాం. అక్కడ బరువు కిందికి లాగుతుంది. ఇది పైకి లాగుతుంది. ఆ సంగతి చెవికి తెలిసినా చేతికి తెలియదు. తాడు వాణ్ణి మునివేళ్ళ మీద ఈడ్చుకుపోతోంది.

"వదులు," అని అరిచాను. మంట హోరులో వినిపించలేదు.

"దించు," అన్నాను బెలూనాయనతో.

"ఇప్పుడు దింపితే మళ్ళీ లేపను చాచా. గాలి బాగాలేదు. రేపు సర్దుకొని పోతున్నాం."

"దించమన్నాను."

బెలూన్ నెత్తినున్న మూత తెరిచే తాడు లాగాడు, వేడిగాలి పోయింది. నేను తోటవైపు తిరగలేదు. ఆ చేతి మీదనుంచి కన్ను తీస్తే తాడు ఇంకా బిగుస్తుందనిపించింది. పిచ్చి ఆలోచనే. అయినా తీయలేదు.

దిగేసరికి చెయ్యి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. చర్మం లేచిపోయింది.

"వేళ్ళు ఆడించు."

"ఆడుతున్నయి తియ్."

"ఎందుకు చుట్టినవ్ రా?"

"నువ్వు పైన ఉంటివి గద."

"నన్ను రెండు బండ్లు పట్టుకున్నయి. నీ చెయ్యి ఎందుకు నడుమ?"

అరచెయ్యి ఊదుకున్నాడు. "ఏం కనబడ్డది బావా?" అన్నాడు.

"నీ బట్టతల."

నవ్వాడు, చెయ్యి గుంజేసరికి మొహం ముడిచాడు. "నిజం చెప్పు."

"ఒక తోట, సగం. నడుమ ఏదో మెరిసింది. నీళ్ళో, రేకో."

"నీళ్ళే."

"నీకెట్ల తెలుసు? నువ్వు కింద ఉంటివి."

"నీళ్ళే అంటున్న గద. ఖర్జూరం రేకు తాగి పెరుగుతదా?"

బెలూన్ గుడ్డ మైదానమంతా పరుచుకుని పడి ఉంది. మడిచేముందు దానిమీద మోకాళ్ళతో పాకి లోపలి గాలి వెళ్ళగొట్టాలి. వాణ్ణి కూర్చోమని, వాడి వైపు కూడా నేనే పాకాను. గుడ్డ ఇంకా వెచ్చగా ఉంది.