నడుమెత్తు కట్టె

నా చిన్నప్పుడు మా ఊరి నుంచి పక్క ఊరికి పోయే బాట ఎంత సుళువుగా ఉండేదంటే, దాన్ని ఎవరూ ప్రయాణం అనేవారే కాదు. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. ఒక పక్క జొన్న చేన్లు, ఇంకో పక్క ఆముదాలు, నడుమ ఒక ఇసుక వాగు. వానాకాలంలో పది రోజులు తప్ప ఆ వాగులో నీళ్లు కనబడేవి కావు. పొద్దున సద్ది తిని పోయినవాళ్లు పని చూసుకొని ఎండ ముదరక ముందే ఇంటికి వచ్చేవారు. మా అవ్వ చంకలో పిల్లను, నెత్తి మీద గంపను పెట్టుకొని, తోటివాళ్లతో నవ్వుకుంటూ పోయి వచ్చేది. ఆ బాట మా ఇంట్లో ఒక్క మనిషికే అందలేదు. ఆయన మా చిన్నతాత, అంటే మా తాత తమ్ముడు.

మా ఊరి బావి నీళ్లలో ఏదో ఉందని అప్పట్లో మాకెవరికీ తెలియదు. కొందరికి పళ్లు పచ్చబడేవి, కొందరికి నడివయసులోనే కీళ్లు పట్టుకుపోయేవి. చిన్నతాత ఒళ్లు మెడ నుంచి మోకాళ్ల దాకా ఒక్కటిగా బిగుసుకుపోయింది. నిలబడగలడు, చిన్న చిన్న అడుగులతో నడవగలడు, కానీ వంగలేడు. నేల మీద కూర్చోలేడు, పడితే లేవలేడు. కొంతసేపు నడిచాక నడుమెత్తున్న దేనికైనా వెనక్కి ఆనుకొని నిలబడాలి, లేకపోతే కాళ్లు వణికేవి. అందుకే ఆయన మంచం కోళ్ల కింద నాలుగు రాళ్లు పెట్టి ఎత్తు చేశారు. ఆ మంచం, వాకిట్లో మొండిగోడ, కొట్టంలో ఎడ్లను కట్టేసే నిలువు బండ. మూడేళ్లుగా ఆయన ఆ మూడింటి మధ్యే తిరిగాడు. నోరు మాత్రం బిగుసుకోలేదు. మొండిగోడకు ఆనుకొని, వాకిట్లోంచి పోయే ప్రతివాళ్లనూ ఆటపట్టించేవాడు.

ఆయన అక్కను పక్క ఊరికే ఇచ్చారు. ఆమె కూడా మా బావి నీళ్లు తాగి పెరిగిన మనిషే, ఆమె కూడా గడప దాటలేని స్థితికి వచ్చింది. తమ్ముణ్ణి ఒక్కసారి చూడాలని ఉందని గాజులమ్మే ఆమెతో కబురు పంపింది. అంతకుముందు ఒకసారి చిన్నతాతను ఎడ్లబండి మీద తీసుకుపోబోతే, ఊరి చివరికి చేరకముందే కుదుపులకు తాళలేక దింపెయ్యమని ఏడ్చాడట. మంచం మీద మోసుకుపోతామంటే ఒప్పుకోలేదు. బతికుండగా నలుగురి భుజాలు ఎక్కనని ఆయన పంతం. ఇక నడిచిపోతానంటే ఇంట్లో పోనిస్తారా?

అందుకని నన్ను పిలిచాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లుంటాయి. ఒక వెదురు కట్టెను తన నడుము పక్కన నిలబెట్టించి, సరిగ్గా ఆ ఎత్తుకు నాతోనే కొడవలితో కోయించాడు. అది నా ఛాతీ దాకా వచ్చింది.

"గీ కట్టెంత ఎత్తున్నవి బాట పొడుగునా ఏడేడ ఉన్నయో కొలిసి రా బిడ్డా. ఎవలకు చెప్పకు."

ఆనుకోకుండా ఆయన నడవగలిగే దూరం నా అడుగుల్లో మూడు వందలు. అది కూడా వాకిట్లో నన్ను అటూ ఇటూ తిప్పి లెక్క కట్టించాడు. మూడు వందల అడుగులకొకటి ఆనుకునే జాగా దొరికితే ఆయన తన అక్కను చూస్తాడు. ఒక ఎత్తు పీట మోసుకుపోతే సరిపోయేది కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో మా ఇంట్లో కూర్చునేవన్నీ నేలకు జానెడు ఎత్తువే.

మొదటి రెండు రోజులు బుద్ధిగా కొలిచాను. నరికేసిన తాటి మొద్దు, ఒక గుండురాయి, పాడుబడ్డ బావి మీద మోట కట్టే రాళ్లు, వాగు ఇవతలి గట్టు మీద వంగిన వేప. ఒక్కొక్కదాని దగ్గర కట్టె నిలబెట్టి చూస్తుంటే నాకు నేనే భూములు కొలిచే పెద్ద అమీనులా అనిపించింది. మూడో రోజు వాగు అవతల కొలవాలి. ఇవతలి గుట్ట మీద సీతాఫలాలు పండడానికొచ్చి కళ్లు తెరిచి ఉన్నాయి. అక్కడే ఆగిపోయాను. తిన్నన్ని తిని, ఒడి నింపుకొని చూస్తే పొద్దు వాలిపోయింది.

అవతల జొన్నచేను పక్కన ఒక రాయి ఉందని నాకు తెలుసు. మా నాయినతో పోయినప్పుడు దాని పక్కన నిలబడ్డాను, అది నా ఛాతీ దాకా వచ్చింది. కట్టె కూడా నా ఛాతీ దాకానే వచ్చింది. ఇంకా పోయి కొలిచేదేముంది? తెలివిగా ఆలోచించానని మురిసిపోతూ ఇంటికి వచ్చి, వాగు అవతల రాయి ఉందని, ఆ ముందు ఊరి దాకా కూడా జాగాలున్నాయని చెప్పాను. చిన్నతాత ఒక్కటే అడిగాడు, కొలిసినవా అని. కొలిసిన తాత అన్నాను.

ఇంటిల్లిపాదీ పల్లికాయ పీకడానికి పోయిన రోజు చూసుకొని ఇద్దరం బయలుదేరాం. ఆ పొద్దు ఆయన ముఖం నాకింకా గుర్తుంది. తాటి మొద్దుకు ఆనుకొని, మూడేళ్లకు చేన్లు చూస్తున్నానని అన్నాడు. ఎవరి చేను బాగుంది, ఎవరు కలుపు తీయలేదు అన్నీ చెబుతూ పోయాడు. వాగు ఇసుకలో నా భుజం పట్టుకొని మెల్లగా దాటాడు. వేప దగ్గర నుంచి మూడు వందల అడుగులూ నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

రాయి అక్కడే ఉంది. ఆయన తొడ సగానికే వచ్చింది.

చిన్నతాత దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ముందుకు పోతే ఆనుకునేది ఎక్కడుందో తెలియదు. వెనక వేప దాకా పోవడానికి కాళ్లలో సత్తువ లేదు. అప్పటికే ఆయన కాళ్లు వణుకుతున్నాయి. ఒక చెయ్యి కట్టె మీద, ఒక చెయ్యి నా ఎడమ భుజం మీద వేశాడు.

"కదలకు బిడ్డా."

నేను పోయి ఎవరినైనా పిలుచుకురావాలంటే ఆయన పడిపోతాడు. పోకపోతే ఎవరూ రారు. చుట్టూ జొన్న మనిషిని మించి ఎదిగి ఉంది. గొంతు పోయేలా అరిచినా ఆ చేను దాటి వినబడలేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. కాళ్ల మీద చీమలు పాకుతున్నా కాలు తీయలేదు. అంత సుళువైన బాట మీద, రెండు ఊళ్లూ దగ్గర్లోనే ఉండగా, మేమిద్దరం పాతిన గుంజల్లా ఇరుక్కుపోయాం. చిన్నతాత నన్ను తిట్టలేదు. చిన్నప్పుడు ఇదే బాట మీద తన అక్క తనను చంకనేసుకొని పోయేదని, దించితే ఏడ్చేవాడినని చెప్పాడు. చెబుతుంటే ఆయన చెయ్యి నా భుజం మీద ఇంకా బరువెక్కింది. నేను ఏడుస్తున్నానని ఆయనకు తెలిసే ఉంటుంది.

ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. కల్లు గీసే ఆయన ఒకరు మధ్యాహ్నం తాటిచెట్టెక్కి, పై నుంచి జొన్నల నడుమ కదలని రెండు తలలు చూశాడట. దిగొచ్చి, చేన్లలోంచి మనుషులను, బావికాడి మంచాన్ని తెచ్చాడు. ఎక్కనన్న నలుగురి భుజాల మీదే చిన్నతాతను ఎత్తారు. ఎటు తీసుకుపోవాలని ఎవరూ అడగలేదు. ఇంటికే తెచ్చారు. మంచం మీద ఆయన కళ్లు తెరుచుకొని ఆకాశం చూస్తూ వచ్చాడు.

ఇంట్లో అందరూ గుమిగూడి, ఏ ధైర్యంతో పోయావని ఆయన్ను నిలదీశారు. ఆ రాయి తనకు ముందు నుంచే తెలుసని, వానలకు మట్టి కొట్టుకొచ్చి పూడిపోయిందని, అది తను అనుకోలేదని చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. మా నాయిన నన్ను కూడా తిట్టాడు గానీ, తాత మాట విని తోడుపోయినందుకే తిట్టాడు.

రెండు రోజులకు జొన్న గటక పట్టుకొని ఆయన దగ్గరికి పోయాను. గిన్నె చేతిలో పెట్టి వచ్చేద్దామనుకున్నాను, ఏడుపు ఆగలేదు. కొలవలేదని చెప్పాను. ఆ రాయి నా ఛాతీ దాకా ఉండేదని చెప్పాను. ఆయన కొంచెం నవ్వాడు.

"నువ్వు ఎదిగినవ్ బిడ్డా. రాయి గంతనే ఉన్నది. మల్లెప్పుడు చూడకుంట కొలిసిన అనకు."

అంతే. ఆయన మళ్లీ పోతాననలేదు. ఆ మరుసటి ఎండాకాలం చివర్లో అక్క పోయిందని కబురొచ్చింది. ఆ రోజు చిన్నతాత మొండిగోడకు ఆనుకొని చాలాసేపు బాట వైపు చూస్తూ నిలబడ్డాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

కొత్త రాష్ట్రం వచ్చాక మా ఇంటి నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. నా ఎముకలు మాత్రం పాత నీళ్లవే. నడుము, మోకాళ్లు చిన్నతాతవి అయిపోయాయి, మంచం కింద నాలుగు రాళ్లూ వచ్చి చేరాయి. ఆ జొన్న చేన్లను ప్లాట్లు చేసి హద్దురాళ్లు పాతారు. వందల రాళ్లున్నాయట, ఒక్కటీ నడుము దాకా రాదట. ఛాతీ దాకా ఉన్న ఆ వెదురు కట్టె ఇప్పుడు సరిగ్గా నా నడుమెత్తుంది. అది తలుపు మూలనే ఉంటుంది.

మొన్న నా మనుమరాలు, బస్టాండు కాడ కొత్త అరుగు కట్టారు, అక్కడిదాకా పోయి కూర్చొని రావచ్చు అవ్వా అంది. నాకూ ప్రాణం లేచి వచ్చింది, వాకిలి దాటి ఏడాది అయింది. అయినా కట్టె ఆ పిల్ల చేతికిచ్చాను. నవ్వుకుంటూ పోయింది, కొంతసేపటికి ముఖం చిన్నబుచ్చుకొని వచ్చింది.

"బెత్తెడు తక్కువున్నదవ్వా."

నేను పోలేదు. బాధపడలేదంటే అది కూడా కొలవకుండా చెప్పిన మాటే అవుతుంది. చిన్నతాత చెయ్యి బరువు నా ఎడమ భుజం మీద ఇప్పటికీ ఉంది. ఆ పిల్ల భుజం మీద అది పడలేదు.